పొడుగు పిల్లవాడికి ముందు పాదాలు నేర్పండి

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. మా పదో తరగతిలో పదిహేనేళ్ల పిల్లవాడు ఒకడున్నాడు. ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు, ఇంకా పెరుగుతున్నాడు. ఏడాది క్రితం దాకా కబడ్డీ ఆడేవాడు, బాస్కెట్‌బాల్‌కు నేనే తీసుకొచ్చాను. రింగు కింద నిలబెడితే అందరికంటే ముందు బంతి అందుకుంటాడు. అక్కడితో సరి. దాన్ని నడుము దాకా దించుతాడు, వాడి భుజం దాకా కూడా రాని పిల్లలు లాక్కుపోతారు. ఎడమ చేయి అసలు వాడడు. తిరగమంటే ట్రావెలింగ్, అంటే బంతి పట్టుకుని లెక్కకు మించి అడుగులు వేసేస్తాడు. నేను ఆడింది వాలీబాల్, రింగు దగ్గర ఆడే పోస్ట్ ఆట నేర్పడం నాకు చేతకాదు. పైగా ఇప్పుడంతా దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లేననీ, పోస్ట్ ఆట పాతబడిపోయిందనీ అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఏం నేర్పాలి? పిల్లవాడు మోకాళ్ల నొప్పి అని కూడా అంటున్నాడు. వాడి కాలికి సరిపడే బూట్లు మా ఊళ్లో దొరకవు. బొటనవేలి దగ్గర కోసిన పాత బూట్లతో ఆడుతున్నాడు.
— ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు

సమాధానం:

మాస్టారూ, పిల్లవాడు కబడ్డీ నుంచి వచ్చాడన్న సంగతిని మీరు ఏదో లోటు ఒప్పుకుంటున్నట్టు రాశారు. నేను దాన్ని ఆస్తి కింద జమ వేసుకున్నాను. కూతకు వెళ్లినవాడు మోకాళ్లు వంచి, బరువును ఒక పాదం మీది నుంచి ఇంకో పాదం మీదికి మారుస్తూ, పక్కన ఎవరున్నారో, వెనక ఎవరున్నారో తల తిప్పకుండానే పసిగడతాడు. రింగుకు వీపు పెట్టి ఆడే ఆటకు కావలసింది సరిగ్గా అదే. నైజీరియాలోని లాగోస్‌లో పుట్టిన హకీమ్ ఒలాజువాన్ చిన్నప్పుడు ఫుట్‌బాల్‌లో గోల్‌కీపరు, హ్యాండ్‌బాల్ కూడా ఆడేవాడు. బాస్కెట్‌బాల్ వైపు వచ్చింది టీనేజీలోకి వచ్చాకే. 1994, 1995 సంవత్సరాల్లో హ్యూస్టన్ రాకెట్స్‌ను వరసగా రెండుసార్లు అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో విజేతగా నిలబెట్టింది అతనే. ఆట మానేశాక కోబీ బ్రయంట్, లెబ్రాన్ జేమ్స్ అంతటివాళ్లు అతని దగ్గరికి వెళ్లి పోస్ట్‌లో అడుగులు ఎలా వేయాలో నేర్చుకున్నారు. టిమ్ డంకన్ కరీబియన్ సముద్రంలోని సెయింట్ క్రాయ్ దీవిలో ఈతగాడు. 1989లో హ్యూగో తుపాను అక్కడి ఈతకొలనును ధ్వంసం చేయకపోతే అతను ఈ ఆటలోకి వచ్చేవాడో లేదో. కాబట్టి పదిహేనేళ్లకు ఆలస్యమైపోయిందన్న బెంగ పెట్టుకోకండి.

ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు. 1942లో చికాగోలోని డీపాల్ విశ్వవిద్యాలయంలో రే మేయర్ అనే కొత్త కోచ్‌కు ఇదే సమస్య ఎదురైంది. చేతికి చిక్కిన కుర్రవాడి ఎత్తు 6 అడుగుల 10 అంగుళాలు. దళసరి కళ్లద్దాలు. తన కాళ్లు తనకే అడ్డం. పేరు జార్జ్ మైకన్. అంత పొడుగువాడికి ఒళ్లు స్వాధీనంలో ఉండదని, ఈ ఆటకు పనికిరాడని ఆ రోజుల్లో నమ్మకం. మేయర్ అతని చేత తాడాట ఆడించాడు, గాలిలోకి గుద్దులు విసిరే బాక్సింగ్ సాధన చేయించాడు, నాట్యం పాఠాలు కూడా చెప్పించాడు. రింగు కింద కుడి చేత్తోనూ ఎడమ చేత్తోనూ రోజుకు వందలకొద్దీ షాట్లు వేయించాడు. కొన్నేళ్లకు మైకన్ ఎంతటివాడయ్యాడంటే, అతన్ని రింగుకు దూరంగా ఉంచడం కోసం 1951లో ఎన్‌బీఏ వాళ్లు కీ వెడల్పును, అంటే రింగు ముందు గీతలు గీసిన చోటు వెడల్పును, 6 అడుగుల నుంచి 12 అడుగులకు పెంచారు. ఒక్క మనిషిని కట్టడి చేయడానికి కోర్టు గీతలే జరిపారు. ఆనాటి సాధనను ఇవాళ్టికీ అన్ని దేశాల్లోనూ మైకన్ డ్రిల్ అనే పిలుస్తారు. మీరు కూడా అక్కడే మొదలుపెట్టండి.

ఎలా చేయాలంటే, పిల్లవాణ్ణి సరిగ్గా రింగు కింద, బోర్డుకు ఎదురుగా నిలబెట్టండి. కుడి పక్క నుంచి ఎడమ కాలి మీద లేచి, కుడి చేత్తో బంతిని బోర్డుకు తగిలించి వేయాలి. అది వలలోంచి జారుతుండగానే, నేలను తాకనివ్వకుండా, రెండు చేతులతో గడ్డం ఎత్తులో పట్టుకోవాలి. వెంటనే ఎడమ పక్కకు ఒక అడుగు. ఈసారి కుడి కాలి మీద లేచి ఎడమ చేత్తో వేయాలి. మళ్లీ కుడి, మళ్లీ ఎడమ. మధ్యలో ఆగకూడదు. బంతి గడ్డం కంటే కిందికి దిగిందా, ఆ షాట్ పడినా లెక్కలోకి రాదు. మీవాడి జబ్బుకు మందు ఈ ఒక్క షరతులోనే ఉంది. మొదటి వారం ఎడమ చేతి షాట్లు బోర్డు మీది నుంచి ఎగిరి గోడ అవతల పడతాయి, మిగతా పిల్లలు నవ్వుతారు. నవ్వేవాళ్లను కూడా పిలిచి వేయమనండి, నవ్వు దానంతట అదే తగ్గుతుంది. నెల తిరిగేసరికి ఒక్క గుక్కలో ఇరవై వేస్తే బాగా సాగుతున్నట్టే.

బంతిని కిందికి దించే అలవాటు గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని చేతుల తప్పు అనుకుంటారు. ఆరడుగుల మూడంగుళాలవాడు బంతిని నడుము దగ్గరికి తెస్తే ఆ క్షణానికి వాడి ఎత్తు మూడున్నర అడుగులే, అది నిజమే. అయితే ఎందుకు దించుతున్నాడో ఒకసారి పక్కన కూర్చుని గమనించండి. నిటారు కాళ్లతో బంతి అందుకుంటాడు. ఎగరాలంటే మోకాళ్లు వంచాలి. వాటితో పాటు చేతులూ, చేతుల్లోని బంతీ కిందికి దిగుతాయి. అంటే దోపిడీ జరుగుతున్నది చేతుల్లో, తలుపు తీసింది మాత్రం మోకాళ్లు. ముందే కూర్చున్నట్టు వంగి అందుకున్నవాడికి మళ్లీ దిగవలసిన పని ఉండదు. ‘బంతి దించకురా’ అని వందసార్లు అరిచేకంటే, బంతి రాకముందే ‘కూర్చో’ అని ఒక్కసారి అనండి. అందుకున్నాక బంతి గడ్డం కింద, రెండు మోచేతులూ బయటికి. మోచేతులు ఆడించడానికి కాదు, ఆడిస్తే ఫౌల్ అవుతుంది. బంతి చుట్టూ కంచెలా ఉండాలంతే. ఇద్దరు చిన్న పిల్లల్ని చెరో పక్క నిలబెట్టి, వాడు బంతి అందుకోగానే దాన్ని తట్టమనండి. రెండు పాదాల మీద లేచి, వాళ్ల తోపులాట మధ్యనే షాట్ పూర్తి చేయాలి. చిన్నవాళ్లకు ఇది భలే సరదా, మీరు బతిమాలనక్కర్లేదు.

మధ్యలో నా సొంత గొడవ ఒకటి చెప్పనివ్వండి. పద్నాలుగేళ్లకే నేను ఆరడుగులు. చుట్టుపక్కల బడుల్లో అంత పొడుగువాడు లేడు. మా మాస్టారు మంచి మనిషే, కానీ నన్ను రింగు కింద నిలబెట్టి, చేతులు పైకెత్తి ఉంచమని, బంతి వస్తే వేసేయమని, నేలకు కొట్టానంటే బయట కూర్చోబెడతానని చెప్పారు. మూడేళ్లపాటు మా బడి గెలుస్తూనే ఉంది. పద్దెనిమిదేళ్లకు నా ఎత్తు 6 అడుగుల 1 అంగుళం దగ్గర ఆగిపోయింది. రాష్ట్ర జట్టు ఎంపికలకు వెళితే అక్కడ బంతి తెచ్చే గార్డులే నా అంత ఉన్నారు. నాకు డ్రిబుల్, అంటే బంతిని నేలకు కొడుతూ కదలడం, రాదు. రింగు వైపు తిరిగి ఆడటం రాదు. పదడుగుల దూరం నుంచి షాట్ రాదు. నిజానికి రింగు కింద ఆడటమూ రాదు, అక్కడ నాకంటే పొట్టివాళ్ల మధ్య నిలబడటం మాత్రమే వచ్చు. మొదటి రోజు మధ్యాహ్నానికే ఇంటికి బస్సెక్కాను. అందుకే చెబుతున్నాను, మీవాడు ఎక్కడ ఆగుతాడో ఎవరికీ తెలియదు. ఆరడుగుల నాలుగంగుళాల దగ్గరే ఆగిపోతే పెద్దల ఆటలో వాడు పొడగరి కాదు. రోజూ గార్డులతో పాటు వాడి చేతా డ్రిబుల్ చేయించండి, పరుగులో పాస్‌లు ఇప్పించండి. అలాగే పోస్ట్ సాధనలో మీ గార్డుల్నీ దింపండి. అయిదడుగుల నాలుగంగుళాల కుర్రవాడికి కూడా తనకంటే పొట్టివాడు ఎదురయ్యే రోజు వస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. పోస్ట్ ఆటలో సగం, నన్నడిగితే సగం కంటే ఎక్కువే, బంతి చేతికి రాకముందు జరిగిపోతుంది. ఎక్కడ నిలబడ్డాడు, ఎవరిని వీపున మోస్తున్నాడు, ఏ పాదం ఎవరి పాదం ముందు ఉంది, ఇవే గెలుపోటములు. ఫ్రీత్రో, అంటే ఫౌల్ అయ్యాక ఎవరూ అడ్డు రాకుండా వేసే షాట్, వేసేటప్పుడు ఆటగాళ్లు నిలబడే గుర్తుల మధ్య మందంగా నింపిన చిన్న పట్టీ ఒకటి కీ పక్క గీత మీద ఉంటుంది. దాన్నే బ్లాక్ అంటారు. మీ కోర్టులో ఇంకా పాతకాలపు ట్రెపీజియం గీతలే ఉంటే సున్నంతో కొత్తవి గీయించండి. 2010 నుంచి అంతర్జాతీయ నియమాల ప్రకారం కీ దీర్ఘచతురస్రం, 4.9 మీటర్ల వెడల్పు, 5.8 మీటర్ల పొడవు. పిల్లవాడి బేరం ఆ బ్లాక్ దగ్గర మొదలవ్వాలి. అక్కడ బంతి అందితే ఒక్క డ్రిబుల్‌తో రింగు చేరతాడు. అందుకు రెండు డ్రిబుళ్లు కావలసి వచ్చిందంటే వాణ్ణి బయటికి నెట్టేశారని అర్థం. అప్పుడు షాట్‌కు పోకుండా బంతి బయటికి ఇచ్చేసి, మళ్లీ చోటు కోసం కదలాలి.

చోటు ఎలా పట్టాలి? బస్సులో రెండు కాళ్లూ ఎడంగా పెట్టి, కడ్డీ పట్టుకోకుండా నిలబడే కండక్టరును చూశారు కదా, అలా. తుంటి కిందికి, వీపు నిటారుగా, బరువు పాదాల ముందు భాగాన. కాపలా కాసేవాడి పాదం ముందు తన పాదం అడ్డం వేసి, వాణ్ణి వీపుకు ఆనించుకోవాలి. దీన్నే సీల్ చేయడం అంటారు. ముంజేయి ఒంటికి దగ్గరగా ఉంచి, వెనకవాడు ఏ పక్క ఉన్నాడో దానితో కనిపెట్టవచ్చు. చేయి చాపి ఆపడం, భుజంతోనో తుంటితోనో తొలగదోయడం తప్పు. పోస్ట్‌లో ఇద్దరికీ ఎవరి నిలువు చోటు వారిదేనని నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. రెండో చేయి చాచి, బంతి ఎక్కడికి రావాలో చూపించాలి. కీలో మూడు సెకన్లకు మించి నిలబడకూడదు కాబట్టి, ఒక పక్క దొరక్కపోతే బయటికి అడుగేసి మళ్లీ లోపలికి రావాలి, లేదా రెండో బ్లాక్‌కు మారాలి. ఈ భాగమంతా బంతి లేకుండానే నేర్పవచ్చు. ఇద్దర్ని బ్లాక్ దగ్గర నిలబెట్టి, ఈల వేసి, అయిదు సెకన్లలో ఎవరు ఆ చోటు దక్కించుకుంటారో చూడండి. కబడ్డీ పిల్లవాడు దీంట్లో రెండో రోజుకే మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తాడు.

ట్రావెలింగ్ సంగతి. పిల్లలు తిరగడం రాక ట్రావెలింగ్ చేయరు, ఏ కాలు కట్టేసి ఉందో తెలియక చేస్తారు. బంతి అందుకునేటప్పుడు చిన్న గెంతు వేసి రెండు పాదాలూ ఒకేసారి నేలకు ఆనించమనండి. అలా దిగితే ఏ పాదాన్నయినా పివట్‌గా, అంటే నేలకు ఆనించి ఉంచి దాని మీద తిరిగే పాదంగా, వాడుకోవచ్చు. రెండో పాదం కదిలిన క్షణాన మొదటిది పివట్ అయిపోతుంది. డ్రిబుల్ చేసేట్టయితే ఆ పివట్ పాదం లేవకముందే బంతి చేతిలోంచి వెళ్లాలి. ఇది నోటితో చెబితే ఎక్కదు. ముగ్గుపిండితో నేల మీద పాదాల ఆకారాలు గీసి, ‘దిగు, తిరుగు, అడుగు’ అంటూ చప్పట్ల మీద వేయించండి. నాట్యం టీచరు నట్టువాంగం పట్టినట్టే. మేయర్ మైకన్‌ను నాట్యానికి పంపడంలో వింతేమీ లేదని అప్పుడు అర్థమవుతుంది.

ఎత్తుగడలు ఎన్ని నేర్పాలి? మూడు. ఫోన్లో వీడియోలు చూసి పదిహేను నేర్పే కోచ్‌లను చూశాను. వాళ్ల పిల్లలు బంతి అందుకుని ఏది వాడాలా అని ఆలోచిస్తూ నిలబడిపోతారు.

మొదటిది డ్రాప్ స్టెప్. వెనకవాడు కీ మధ్య వైపు నుంచి కాస్తున్నాడని వీపుకు తెలిసింది. అప్పుడు బేస్‌లైన్ (రింగు వెనక ఉండే కోర్టు చివరి గీత) వైపు పాదాన్ని రింగు దిక్కుగా పొడవుగా వెనక్కి వేసి, వాణ్ణి వీపు వెనకే ఉంచేసి, రెండు చేతులతో గట్టిగా ఒక్క డ్రిబుల్ కొట్టి, రెండు పాదాల మీద లేవాలి. వాడు బేస్‌లైన్ వైపు ఉంటే ఇదే పని మధ్య వైపు. దీంట్లో తెలివి ఏమీ లేదు, ఎదుటివాడు ఏ తలుపు మూశాడో చూసి రెండో తలుపు గుండా వెళ్లడమే. పదిహేనేళ్లవాళ్ల ఆటలో సగం బుట్టలు దీంతోనే పడతాయి.

రెండోది హుక్ షాట్. దీన్ని మనవాళ్లు ఎందుకో చిన్నచూపు చూస్తారు, సర్కస్ షాట్ అంటారు. కరీమ్ అబ్దుల్ జబ్బార్ ఎన్‌బీఏలో తన 38,387 పాయింట్లలో ఎన్నిటిని స్కై హుక్ అనే తన హుక్ షాట్ మీద సంపాదించాడో తలచుకుంటే ఆ మాట రాదు. చిన్నప్పుడు అతను కూడా మైకన్ డ్రిల్ చేసినవాడే. కుడిచేతి వాటం పిల్లవాడికి ఈ షాట్ నేర్పడానికి సరైన చోటు, రింగు వైపు చూస్తే ఎడమ చేతి పక్కన ఉండే బ్లాక్. అక్కడ రింగుకు వీపు పెట్టి బంతి అందుకుని, ఎడమ భుజం మీదుగా కీ మధ్యకు ఒక అడుగు వేస్తే, ఎడమ భుజం రింగుకు గురిపెట్టినట్టు ఉంటుంది. కాపలావాడికీ బంతికీ మధ్య పిల్లవాడి ఒళ్లంతా అడ్డం. కుడి చేయి చెవి పక్క నుంచి నిటారుగా లేచి, తల మీదుగా మణికట్టుతో బంతిని వదలాలి. చేతిని పక్కకు చాచి విసరడం కాదు. రింగుకు ఆరడుగుల లోపలే మొదలుపెట్టి, గురి కుదిరాక ఒక్కొక్క అడుగూ వెనక్కి జరపండి. కుడి బ్లాక్ దగ్గర ఎడమ చేత్తో ఇదే పని. ఎడమ చేతి హుక్ వస్తే మంచిది, రావడానికి ఏడాది పట్టినా కంగారు పడకండి. అన్నం తినేటప్పుడు తప్ప మిగతా పనులు ఎడమ చేత్తో చేయమని నేను మా పిల్లలకు చెబుతుంటాను: తలుపు తీయడం, పళ్లు తోముకోవడం, చెంబుతో నీళ్లు పోసుకోవడం. ఇది నా చాదస్తం కావచ్చు.

మూడోది అప్ అండ్ అండర్, అంటే పైకి ఆశ చూపించి కింద నుంచి దూరడం. 1980లలో బోస్టన్ సెల్టిక్స్‌కు ఆడిన కెవిన్ మెక్‌హేల్ చేతిలో ఇది పడ్డవాళ్లకే తెలుసు. హుక్ వేయబోతున్నట్టు భుజాలు, కళ్లు, బంతి పైకి లేపాలి, మోకాళ్లు మాత్రం వంచే ఉంచాలి. కాపలావాడు గాలిలోకి లేచాడా, రెండో పాదాన్ని వాడి పక్క నుంచి ముందుకు వేసి కింద నుంచి వెళ్లిపోవాలి. పివట్ పాదం లేవవచ్చు, అది మళ్లీ నేలకు ఆనేలోపు బంతి చేతిని వదలాలి. అయితే మొదట హుక్ పడాలి. వేయడం రానివాడు వేస్తున్నట్టు నటిస్తే ఎవరూ నమ్మరు. అందుకే దీన్ని మూడో నెలకు ముందు ముట్టుకోకండి.

ఇవి కుదిరాక ఇద్దరు ముగ్గురు మీదపడటం మొదలవుతుంది. అప్పుడు వాడికి కావలసింది ఎత్తు కాదు, చూపు. బంతి అందుకోగానే గడ్డం కింద పెట్టుకుని, భుజం మీదుగా కీ మధ్యకు ఒకసారి చూసే అలవాటు చేయించండి. రెండోవాడు ఏ దిక్కు నుంచి వస్తున్నాడో, ఆ దిక్కున ఒకడు ఖాళీగా ఉన్నట్టే. ఇక్కడ మీ గార్డుల మీద కూడా ఒక ఫిర్యాదు ఉంది, చూడకపోయినా చెప్పగలను. లోపలికి బంతి ఇవ్వడం వాళ్లకు రాదు. కోర్టు నడిమధ్య నుంచి, కాపలావాడి నెత్తి మీదుగా విసురుతుంటారు. బంతి పక్క నుంచి రావాలి. ఫ్రీత్రో గీతను సైడ్‌లైన్ దాకా పొడిగించినట్టు ఊహించుకుని, ఆ గీతకు కాస్త కిందికి వచ్చి, పిల్లవాడు చూపించిన చేతికి, కాపలావాడికి దూరంగా ఉన్న చేతికి, నేలకు కొట్టి ఇవ్వాలి. ఇచ్చాక అక్కడే నిలబడి చూస్తూ ఉండకూడదు, కదలాలి. పదిసార్లు చోటు పట్టినా ఒక్కసారీ బంతి రాకపోతే ఏ పిల్లవాడైనా పదకొండోసారి చోటు కోసం పోరాడడు. వాణ్ణి బద్ధకస్తుడని తిట్టేముందు ఈ లెక్క వేసుకోండి.

ఫ్రీత్రోలు మరవకండి. రింగు కింద ఆడేవాణ్ణి ఆపలేక కొడతారు. షకీల్ ఓనీల్ అంతటివాడు జీవితకాలంలో నూటికి 52.7 మాత్రమే వేయగలిగాడు కాబట్టి, ఎదుటి జట్లు కావాలని అతన్నే ఫౌల్ చేసేవి. అలసిపోయినప్పుడు, సాధన చివర్లో, రోజుకు పాతిక వేయించండి.

పోస్ట్ ఆట పాతబడిందన్న మాటలో నిజం లేకపోలేదు. ఎన్‌బీఏలో రింగుకు వీపు పెట్టి అదేపనిగా ఆడటం బాగా తగ్గింది, మూడు పాయింట్ల షాట్లు విపరీతంగా పెరిగాయి. అయినా గత కొన్నేళ్లలో ఆ లీగ్‌ను ఏలినవాడు ఎవరు? సెర్బియాలోని సోంబోర్ అనే పట్టణం నుంచి వచ్చిన నికోలా యోకిచ్. జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2014లో 41వ ఎంపికగా తీసుకున్నప్పుడు అతన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. పెద్దగా ఎగరలేడు, వేగం లేదు. 2021, 2022, 2024 సంవత్సరాల్లో లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు అతనే, 2023లో డెన్వర్ జట్టును విజేతగా నిలబెట్టాడు. అతని హుక్ చూడండి, పివట్ చూడండి, అన్నిటికంటే పోస్ట్‌లోంచి ఇచ్చే పాస్‌లు చూడండి. పాతబడింది రింగు కింద స్తంభంలా నిలబడటం. ఇంకోవైపు మన సత్నామ్ సింగ్ ఉన్నాడు. పంజాబ్‌లోని బల్లో కే అనే పల్లె, ఎత్తు ఏడడుగులకు పైమాటే. 2015లో డల్లాస్ మావెరిక్స్ 52వ ఎంపికగా తీసుకున్నప్పుడు ఎన్‌బీఏకు ఎంపికైన తొలి భారతీయుడయ్యాడు. దేశమంతా పొంగిపోయాం. లీగ్ మ్యాచ్‌లో మాత్రం ఒక్కసారీ దిగలేకపోయాడు. అతని కష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, పల్లె నుంచి అంతదూరం వెళ్లడమే గొప్ప. కానీ సరిగ్గా అతను అక్కడికి చేరే సమయానికే ఆ ఆట పొడగరుల నుంచి పరుగునూ, దూరపు షాట్‌నూ, పాస్‌నూ అడగడం మొదలుపెట్టింది. అందుకే మీవాడికి రెండూ నేర్పండి అంటున్నాను. ముందు రింగు దగ్గర, తర్వాత ఫ్రీత్రో గీత దగ్గర. మూడు పాయింట్ల షాట్‌కు తొందర లేదు, 6.75 మీటర్ల దూరం ఎక్కడికీ పోదు. చేతుల్లో బలం చాలకముందే అక్కడి నుంచి వేయిస్తే బంతిని విసరడం అలవాటై షాట్ రూపమే చెడుతుంది. పైగా బడి స్థాయిలో మీకు ఎదురయ్యేది ఎక్కువగా జోన్ కాపలా, అంటే మనిషిని కాక ఎవరి చోటును వాళ్లు కాయడం. దాని నడుమ, ఫ్రీత్రో గీత దగ్గర బంతి అందుకుని నాలుగు దిక్కులా చూడగల పొడుగువాడు ఉంటే జోన్ చెదిరిపోతుంది.

మోకాళ్ల నొప్పి మాట మీరు చివర్లో పెట్టారు, నేనైతే మొదట పెట్టేవాణ్ణి. మోకాలి చిప్పకు కాస్త కింద, ఎముక మీద గడ్డలా ఉబ్బి, నొక్కితే నొప్పి పుడుతోందేమో చూడండి. వేగంగా ఎత్తు పెరిగే వయసులో, బాగా ఎగిరే పిల్లలకు ఇది తరచుగా వస్తుంది. ఎముక పెరుగుదల ఆగేసరికి సాధారణంగా తగ్గిపోతుంది, కానీ ఎముకల డాక్టరుకు చూపించకుండా మనమే తేల్చేయకూడదు. నొప్పి ఉన్న రోజుల్లో గెంతులు ఆపేయండి. సిమెంటు కోర్టు మీద మరీను. పైన చెప్పిన పాదాల పని, సీల్, పివట్, పాస్‌లు, కూర్చున్నట్టు వంగి బంతి అందుకోవడం, అందుకునేటప్పటి చిన్న గెంతు తీసేస్తే వీటిలో ఎగరడమే లేదు. వంగినా నొప్పి పుడితే అదీ మానిపించి, డాక్టరు చెప్పినదాకా ఆగండి. మోకాళ్లు మాట వినని నెలల్లో పోస్ట్ ఆట నేర్చుకోవడానికి ఇబ్బంది లేదు, ఒక రకంగా ఎగరలేని పిల్లవాడే పాదాలు బాగా నేర్చుకుంటాడు. ఇనుప బరువులు ఎత్తించే ఆలోచన ఉంటే, దగ్గరుండి సరిగా నేర్పేవాళ్లు దొరికేదాకా వాయిదా వేయండి, ప్రస్తుతానికి తన ఒంటి బరువుతో బస్కీలు, దండీలు చాలు. తిండి విషయంలో డబ్బాల పొడులు కొనిపించకండి. గుడ్లు, వేరుశెనగలు, నానబెట్టిన శనగలు, పెరుగు, ఇవి ఆ ఇంట్లోవాళ్లకు అందేవే.

ఇంకొక మాట, భయపెట్టడానికి కాదు. పిల్లవాడి చేతులు, వేళ్లు ఒంటికి మించి పొడుగ్గా ఉండి, రొమ్ము ఎముక లోపలికి గానీ బయటికి గానీ వంగి ఉండి, చూపు బాగా తక్కువైతే, ఒకసారి గుండె డాక్టరుకు కూడా చూపించమని తల్లిదండ్రులకు చెప్పండి. మార్ఫాన్ సిండ్రోమ్ అనే పుట్టు సమస్యలో ఇలాంటి లక్షణాలు ఉంటాయి, గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం బలహీనపడుతుంది. అమెరికా వాలీబాల్ క్రీడాకారిణి ఫ్లో హైమన్ 1986లో జపాన్‌లో మ్యాచ్ మధ్య కూలి చనిపోయింది దీనివల్లే. మీరు వాలీబాల్ మనిషి, ఆ పేరు వినే ఉంటారు. పొడుగువాళ్లలో చాలామందికి ఇదేమీ ఉండదు, ఒక్క పరీక్షతో తేలిపోతుంది.

బూట్లు. ఇంత సేపూ పాదాల గురించి మాట్లాడి, బొటనవేలు బయటికి వచ్చిన బూట్లతో పివట్ చేయమంటే ఎలా? ముందు అవి మాన్పించండి. బూటు ముందు భాగం కోసేస్తే పాదం లోపల ముందుకు జారుతుంది, తిరిగే ప్రతిసారీ మడమ పక్కకు తొలుగుతుంది. పిల్లవాడి ట్రావెలింగ్‌లో కొంత పాపం వాటిదే అయి ఉండవచ్చు. ఊళ్లో దొరకకపోతే ఆన్‌లైన్‌లో పెద్ద సైజులు దొరుకుతాయి, సైజు అంకెను నమ్మకుండా పాదం పొడవును సెంటీమీటర్లలో చూసి తెప్పించండి. దాతలు ఎవరైనా జెర్సీలు ఇస్తామని ముందుకొస్తే, జెర్సీలు తర్వాత అని చెప్పి ముందు ఇవి అడగండి. మందపాటి మేజోళ్లు వేయించి, తెల్లకాగితం మీద రెండు పాదాలూ గీయించండి, ఏది పెద్దదైతే దాని కొలతే తీసుకోండి, వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ వదలండి. కొలత పొద్దున కాదు, సాయంత్రం ఆట అయ్యాక తీయండి. అప్పటికి పాదం కాస్త పెద్దదై ఉంటుంది.